ఐదు బైట్ల ఖరీదు: లినక్స్ ట్రేస్‌పాయింట్లు, ఎఫ్‌ట్రేస్, కేప్రోబ్స్ వాడుకలో ఎలా ఉన్నాయి?

లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో ఎక్కడో తేడా కొడుతోందంటే చాలామంది చెయ్యి ముందు సందేశాలు అచ్చువేసే ప్రింట్‌కే ఫంక్షన్ మీదికే పోతుంది. పోనివ్వండి, కానీ దాని బిల్లు ఎంతో ఒకసారి లెక్క వేసుకోవాలి. సీరియల్ కన్సోల్ 1,15,200 బాడ్‌లో నడుస్తుంటే ఒక్కో అక్షరానికి పది బిట్లు ఖర్చు, అంటే సెకనుకి 11,520 అక్షరాలు. ఎనభై అక్షరాల లైను ఒకటి బయటికి వెళ్ళేసరికి దాదాపు 7 మిల్లీసెకన్లు అయిపోతాయి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో అలాంటి లైను పెట్టారంటే, మీరు వెతుకుతున్న రేస్ కండిషన్ (రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్నదాన్ని బట్టి వచ్చే తప్పు) ఆ 7 మిల్లీసెకన్లలో తనంతట తనే సర్దుకుంటుంది. లైను తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. దొంగని పట్టడానికి డప్పు కొట్టుకుంటూ వెళ్ళినట్టు.

డప్పు లేకుండా పని జరిపించే సరంజామా లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. ఇక్కడ సమీక్షకి తీసుకున్నది మూడు వస్తువుల సెట్టు. మొదటిది ట్రేస్‌పాయింట్లు: షెడ్యూలర్, బ్లాక్ లేయర్, నెట్‌వర్క్, మెమరీ లాంటి ముఖ్యమైన చోట్ల ఆయా కోడ్ రాసినవాళ్ళే ముందుగా నాటి ఉంచిన పరిశీలన బిందువులు. మాథ్యూ డెనోయేర్ చేసిన ఈ పని 2008 డిసెంబరులో వచ్చిన 2.6.28 కెర్నెల్‌లో చేరింది. రెండోది ఎఫ్‌ట్రేస్: స్టీవెన్ రోస్టెడ్ చేతిమీదుగా, అంతకు ఒక్క విడుదల ముందు, 2.6.27లో వచ్చింది. ఇది దాదాపు ప్రతి ఫంక్షన్ గుమ్మం దగ్గరా కాపలా కాయగలదు. మూడోది కేప్రోబ్స్: ఎవరూ బిందువు పెట్టని చోట, నడుస్తున్న కెర్నెల్‌లోనే మనం కొత్తది గుచ్చుకోవడం. దీని తొలి రూపం 2002లో ఐబీఎం భారత విభాగంలోని ఇంజనీర్ల చేతుల్లో తయారై, 2004లో 2.6.9తో ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. మూడూ ఒకే రింగ్ బఫర్‌లోకి (నిండితే మళ్ళీ మొదటి నుంచి రాసుకునే నిల్వచోటు) రాస్తాయి, మూడింటినీ ఒకే డైరెక్టరీ నుంచి నడపొచ్చు. ఫెడోరా, ఉబుంటు, డెబియన్ కెర్నెళ్ళలో ఇవన్నీ ముందే ఉంటాయి, విడిగా కొనేది ఏమీ లేదు. కాబట్టి ఇక్కడ ధర అంటే రూపాయలు కాదు. ఆపి ఉంచినప్పుడు ఎంత పడుతుంది, తిప్పినప్పుడు, అంటే ఆన్ చేసినప్పుడు, ఎంత పడుతుంది అన్నదే.

ఒక మాట. ఫైళ్ళ పేర్లు, ఆప్షన్లు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు మాటల మధ్య ఖాళీ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టుకుంటే అసలు పేరు వచ్చేస్తుంది.

ఆపి ఉంచినప్పుడు

ఈ సెట్టులో మొదట మెచ్చుకోవాల్సింది ఇదే. ఎక్స్86-64 యంత్రం మీద, నడుస్తున్న కెర్నెల్‌లోని ఏదో ఒక ఫంక్షన్‌ని డిస్‌అసెంబుల్ చేసి, అంటే యంత్ర సూచనలుగా విప్పి చూడండి. డిస్కు మీద ఉన్న ఇమేజ్ ఫైలు కాదు, నడుస్తున్న మెమరీని చూపించే, ప్రాక్ కింద ఉండే కేకోర్‌ని జీడీబీ డీబగ్గర్‌తో తెరవాలి. గుమ్మంలోనే ఐదు బైట్లు కనిపిస్తాయి: 0ఎఫ్ 1ఎఫ్ 44 00 00. ఐబీటీ (దారి తప్పిన జంపులని ఆపే ప్రాసెసర్ రక్షణ) ఉన్న కొత్త కెర్నెళ్ళలో దీనికి ముందు నాలుగు బైట్ల ఎండ్‌బ్రాంచ్ కూడా ఉంటుంది. ఆ ఐదు బైట్లూ ప్రాసెసర్‌కి 'ఏమీ చెయ్యకు' అని చెప్పే నాప్. కెర్నెల్‌ని కంపైల్ చేసేటప్పుడు జీసీసీ కంపైలర్ ప్రతి ఫంక్షన్ మొదట్లో ఎఫ్‌ఎంట్రీ అనే చిన్న రొటీన్‌కి ఒక కాల్ పెట్టేలా చెబుతారు, ఆ చోట్లన్నిటి చిరునామాలూ జాబితాగా కెర్నెల్‌లోనే దాచుకుంటారు, తర్వాత వాటినన్నిటినీ నాప్‌లుగా మార్చేస్తారు. అలా మార్చకుండా ఊరికే వెళ్ళి వచ్చే కాల్‌ని వదిలేస్తే, ట్రేసింగ్ ఆపి ఉన్నా సరే, పనితీరులో పది శాతానికి పైనే పోతుంది. నాప్ చేస్తే కొలతకి అందనంత తక్కువ.

ట్రేస్‌పాయింట్లదీ ఇదే కిటుకు, కాకపోతే అవి ఫంక్షన్ నడుమ ఉంటాయి. 2.6.37 దాకా ప్రతి ట్రేస్‌పాయింట్ దగ్గరా మెమరీలోని ఒక గుర్తుని చదివి, ఆన్‌లో ఉందా లేదా అని చూసుకునేవారు. గుర్తు క్యాష్‌లో లేకపోతే అక్కడ చిన్న తట్టు తగిలేది. జంప్ లేబుళ్ళు వచ్చాక చదవడం, పోల్చడం రెండూ పోయాయి. ఆపి ఉంటే నాప్, తిప్పితే అదే చోట జంప్. ట్రేస్ చేసే కోడ్‌ని కంపైలర్ ఫంక్షన్ చివరికి నెట్టేస్తుంది, మామూలు దారికి అడ్డు రాదు.

మరి ప్రాసెసర్లు ఆ బైట్ల మీదుగానే పరిగెడుతుండగా వాటిని మార్చడం ఎలా? ఒక్కసారిగా ఐదు బైట్లూ రాస్తే, ఇంకో సీపీయూ సగం పాత సగం కొత్త సూచనని ఎత్తుకునే ప్రమాదం ఉంది. అందుకని ముందు మొదటి బైటు మీద మాత్రమే సీసీ, అంటే బ్రేక్‌పాయింట్ సూచన రాస్తారు. సీపీయూలన్నీ దాన్ని గమనించేదాకా ఆగుతారు. తర్వాత మిగతా నాలుగు బైట్లు రాసి మళ్ళీ ఆగుతారు. చివర్లో మొదటి బైటుని అసలు విలువకి మారుస్తారు. ఈ మధ్యలో ఎవరైనా అక్కడికొస్తే బ్రేక్‌పాయింట్ హ్యాండ్లర్ వాళ్ళని క్షేమంగా దాటిస్తుంది. వెల్డింగు పని చూస్తున్నంత ముచ్చటగా ఉంటుంది ఈ భాగం కోడ్.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 2008లో 2.6.27 ఇంకా పరీక్షల్లో ఉండగా ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులు కొన్ని ఉన్నట్టుండి పనికిరాకుండా పోయాయి. కార్డు లోపలి ఎన్‌వీర్యామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) చెడిపోతోంది. అందరూ డ్రైవర్‌నే అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే తప్పు అప్పటి ఎఫ్‌ట్రేస్‌ది. మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు ఒక్కసారి నడిచి పోయే ఇనిట్ ఫంక్షన్ల చిరునామాలు కూడా దాని జాబితాలో ఉండిపోయాయి. ఆ మెమరీ విడుదలైపోయి, అదే చిరునామా కార్డు ఎన్‌వీర్యామ్‌కి కేటాయించబడింది. ఎఫ్‌ట్రేస్ అక్కడ పోల్చి మార్చే సూచన నడిపింది. పోలిక కుదరకపోయినా ఆ సూచన చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో అది హానిచేయదు, పరికరం మీద మాత్రం కొంప ముంచింది. ట్రేసింగ్ పరికరం గురించి చదివేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఇది కెర్నెల్ కోడ్‌ని అక్షరాలా చేత్తో తిరగరాసే వస్తువు, థర్మామీటర్ కాదు.

ఆపి ఉన్నప్పుడు మిగిలే ఖర్చు స్థలం ఒక్కటే. ఒక్కో ట్రేస్ ఈవెంట్‌కి కొన్ని కిలోబైట్లు పడుతుంది. ర్యామ్ తక్కువ ఉన్న బోర్డు కోసం కెర్నెల్ కట్టేవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి, సర్వర్ వాళ్ళకి అక్కర్లేదు.

తిప్పినప్పుడు

అన్నీ ట్రేస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టంలో ఉంటాయి. 4.1 కెర్నెల్ నుంచి దాని చోటు సిస్, కెర్నెల్, ట్రేసింగ్. అంతకు ముందు డీబగ్ అనే డైరెక్టరీ లోపల ఉండేది. పాత వ్యాసాల్లో ఆ దారే కనిపిస్తుంది. ఎకో, క్యాట్ ఈ రెండు కమాండ్లుంటే చాలు. చిన్న కమాండ్ల మూట అయిన బిజీబాక్స్ తప్ప ఇంకేమీ లేని చిన్న బోర్డు మీద కూడా పూర్తిగా పనిచేస్తుంది. ఈ సుగుణాన్ని పోటీదారులెవరూ అందుకోలేదు.

మొదటిసారి వాడేవాళ్ళు మూడు చోట్ల తప్పకుండా తడబడతారు. ఒకటి, సూడో ఎకో అని రాసి బాణం గుర్తుతో ఫైల్లోకి పంపితే 'పర్మిషన్ డినైడ్' వస్తుంది. ఎందుకంటే ఫైలు తెరిచేది సూడో కాదు, బయట ఉన్న మీ షెల్. టీ కమాండ్ వాడండి, లేదా రూట్ షెల్‌లోకే వెళ్ళండి. రెండు, సున్నాకీ బాణానికీ మధ్య ఖాళీ వదలకపోతే షెల్ దాన్ని సున్నా నంబరు ఫైల్ డిస్క్రిప్టర్ అనుకుంటుంది. ఆగాల్సింది ఆగదు, ఎర్రరూ రాదు. మూడు, ఒక బాణానికి, రెండు బాణాలకి తేడా. సెట్ ఈవెంట్ ఫైల్లోకి ఒక బాణంతో రాస్తే అప్పటిదాకా పెట్టినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. జోడించాలంటే రెండు బాణాలు.

షెడ్ స్విచ్ ఈవెంట్‌తో మొదలుపెట్టండి. ఈవెంట్స్ డైరెక్టరీలో షెడ్, దానిలో షెడ్ స్విచ్, దానిలో ఎనేబుల్ ఫైల్లోకి 1 పంపాలి. ట్రేస్ ఫైలు తెరిస్తే ఇలాంటి లైన్లు వస్తాయి:

కేవర్కర్/3:1-214 [003] డి..2. 5124.338117: షెడ్ స్విచ్: ప్రీవ్ పిడ్=214 ప్రీవ్ ప్రయో=120 ప్రీవ్ స్టేట్=డి ==> నెక్స్ట్ కామ్=స్వాపర్/3 నెక్స్ట్ పిడ్=0

చదవడం వస్తే ఈ ఒక్క లైనే చాలా చెబుతుంది. మూడో నంబరు సీపీయూ మీద, 214 నంబరు కేవర్కర్ (కెర్నెల్ సొంత పనివాడు) దిగిపోయి, ఖాళీ టాస్క్ ఎక్కింది. పైన తెలుగులో రెండు 'డి'లూ ఒకేలా ఉన్నాయి గానీ స్క్రీన్ మీద మొదటిది చిన్న డి, రెండోది పెద్ద డి. చిన్న డి అంటే ఆ క్షణంలో ఇంటరప్టులు ఆపి ఉన్నాయని. దాని తర్వాతి 2 ప్రీఎంప్షన్ ఆపిన లోతు. పెద్ద డి మాత్రం అసలు సమాచారం: టాస్క్ సిగ్నల్‌కి కూడా లేవని నిద్రలోకి పోయింది, అంటే చాలావరకు డిస్కు కోసమో లాక్ కోసమో ఎదురుచూస్తోంది. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ యావరేజ్ మాత్రం ఎక్కువగా కనిపించే కేసుల్లో ఈ పెద్ద డిలు వరుసగా దొరుకుతాయి. అక్కడ ఎస్ ఉంటే మామూలు నిద్ర. ఆర్ పక్కన కూడిక గుర్తు ఉంటే, పాపం పని ఉండగానే బలవంతంగా దింపేశారన్నమాట.

120 అంటే నైస్ (ప్రాధాన్యం అంకె) సున్నా ఉన్న మామూలు టాస్క్. రియల్‌టైమ్ టాస్కులకి ఈ అంకె వందలోపు ఉంటుంది. కాబట్టి ఫిల్టర్ ఫైల్లో 'ప్రీవ్ ప్రయో < 100' అని రాస్తే అవి మాత్రమే మిగులుతాయి. సింగిల్ కోట్స్ మర్చిపోవద్దు, లేకపోతే షెల్ ఆ గుర్తుని వేరే ఫైలు చదవమన్నట్టు తీసుకుంటుంది. ఏ ఈవెంట్‌లో ఏ ఫీల్డులున్నాయో పక్కనే ఉన్న ఫార్మాట్ ఫైలు చెబుతుంది. షెడ్ వేకింగ్ కూడా తిప్పి, ఒకే పిడ్‌కి లేపిన క్షణానికీ సీపీయూ మీదికి ఎక్కిన క్షణానికీ తేడా తీస్తే షెడ్యూలింగ్ ఆలస్యం వచ్చేస్తుంది. డిస్కుకైతే బ్లాక్ ఆర్‌క్యూ ఇష్యూ, బ్లాక్ ఆర్‌క్యూ కంప్లీట్ జంట.

లైన్లు అక్కర్లేదు, లెక్కలు చాలు అనుకునేవాళ్ళకి హిస్ట్ ట్రిగర్లున్నాయి. కేమాలక్ ఈవెంట్ ట్రిగర్ ఫైల్లో హిస్ట్ అని రాసి, కీ కింద కాల్ సైట్, విలువ కింద బైట్స్ రెక్ ఇస్తే, ఏ ఫంక్షన్ ఎన్ని బైట్లు అడిగిందో పట్టిక కెర్నెల్‌లోనే తయారవుతుంది. కాల్ సైట్ పక్కన చుక్క పెట్టి సిమ్ అని చేర్చకపోతే పేర్ల బదులు చిరునామాలు వస్తాయి. పట్టికలో మామూలుగా 2,048 గదులుంటాయి, సరిపోకపోతే చివర్లో 'డ్రాప్డ్' అని ఎన్ని పోయాయో చూపిస్తుంది. ఆ అంకె సున్నా కాకపోతే పట్టికని నమ్మకండి.

ఫంక్షన్ గ్రాఫ్ ట్రేసర్ ఈ సెట్టులో అందరికీ నచ్చే బొమ్మ. కరెంట్ ట్రేసర్‌లో దాని పేరు రాయగానే ఏ ఫంక్షన్ ఎవరిని పిలిచిందో సీ కోడ్‌లాగా బ్రాకెట్లతో, పక్కన మైక్రోసెకన్లతో వచ్చేస్తుంది. పది మైక్రోసెకన్లు దాటితే కూడిక గుర్తు, వంద దాటితే ఆశ్చర్యార్థకం, వెయ్యి దాటితే హ్యాష్, పది మిల్లీసెకన్లకి నక్షత్రం, వందకి ఎట్ గుర్తు, సెకను దాటితే డాలర్. డాలర్ కనిపించిందంటే ఇక వెతికేది లేదు, అక్కడే కూర్చోవాలి.

అయితే అంకెలు ఉన్నవున్నట్టు నమ్మితే మోసపోతారు. ప్రతి చిన్న ఫంక్షన్‌కీ ప్రవేశం దగ్గర, నిష్క్రమణ దగ్గర ట్రేసర్ తన పని చేసుకుంటుంది. ఆ సమయం అంతా పిలిచిన పెద్ద ఫంక్షన్ ఖాతాలో పడుతుంది. లోపల రెండు వందల చిన్న ఫంక్షన్లున్న పెద్దది అసలు కంటే ఎంతో నెమ్మదిగా కనిపిస్తుంది. మందు ఏమిటంటే మ్యాక్స్ గ్రాఫ్ డెప్త్‌ని 1 లేక 2కి కుదించి మొదట పైపైన కొలవడం, అనుమానం వచ్చిన చోట మాత్రమే సెట్ గ్రాఫ్ ఫంక్షన్‌తో లోతుకి వెళ్ళడం. ఇంకోటి, స్లీప్-టైమ్ అనే ఆప్షన్ మొదట్నుంచీ ఆన్‌లో ఉంటుంది. ఫంక్షన్ నిద్రపోయిన సమయం కూడా దాని లెక్కలో కలుస్తుంది. సీపీయూ మీద ఉన్న సమయమే కావాలంటే దాన్ని ఆపాలి. ఈ రెండూ చూసుకోకుండా 'ఫలానా ఫంక్షన్ స్లో' అని తేల్చేసిన బగ్ రిపోర్టులకి లెక్కే లేదు.

ఫంక్షన్లన్నిటినీ ఒకేసారి తిప్పడం కూడా అనవసరం. అవైలబుల్ ఫిల్టర్ ఫంక్షన్స్ ఫైల్లో పేర్లు పదుల వేలల్లో ఉంటాయి. సెట్ ఎఫ్‌ట్రేస్ ఫిల్టర్‌లో నక్షత్రం గుర్తుతో మీ డ్రైవర్ పేర్లు మాత్రం ఇవ్వండి. మరీ ముఖ్యంగా ఫంక్ స్టాక్ ట్రేస్ ఆప్షన్‌ని ఫిల్టర్ లేకుండా తిప్పకండి. ప్రతి ఫంక్షన్ పిలుపుకీ స్టాక్ అంతా రాయడం మొదలుపెడితే యంత్రం కీబోర్డుకి కూడా పలకదు, ఆపే కమాండ్ కొట్టే అవకాశమే ఉండదు.

బఫర్ సంగతి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకని కాస్త నిలబడదాం. రింగ్ బఫర్ ప్రతి సీపీయూకి విడివిడిగా ఉంటుంది. బఫర్ సైజ్ కేబీ ఫైలు తెరిస్తే మొదట్లో 7 అని, బ్రాకెట్లో విస్తరిస్తే 1,408 అని చూపిస్తుంది. ట్రేసింగ్ వాడనంతకాలం చిన్న బఫరే, మొదటిసారి తిప్పగానే సీపీయూకి 1.4 మెగాబైట్ల దాకా పెరుగుతుంది. ఆ ఫైల్లో రాసే అంకె కూడా ఒక్కో సీపీయూకే. 64 సీపీయూల సర్వర్ మీద 'ఒక 64 ఎంబీ ఉండనీ' అని రాస్తే 4 జీబీ కెర్నెల్ మెమరీ పోయింది. మొత్తం ఎంతో బఫర్ టోటల్ సైజ్ కేబీలో చూసుకోవాలి.

నిండితే పాతవి చెరిపి కొత్తవి రాస్తుంది. బగ్ వెతికేవాళ్ళకి సాధారణంగా ఇదే కావాలి, క్రాష్‌కి ముందు జరిగింది కదా ముఖ్యం. కానీ ఎన్ని చెరిగాయో చూడకుండా 'ఈ ఈవెంట్ రాలేదు' అనడం తప్పు. పర్ సీపీయూ డైరెక్టరీలో ఒక్కో సీపీయూ కింద స్టాట్స్ ఫైలు ఉంటుంది. అందులో ఓవర్‌రన్ అంకె చూడండి. మా దృష్టిలో ఈ పరికరానికి ఉన్న అతి గొప్ప లక్షణం ఈ నిజాయితీ. ఎంత పారేసిందో తనే చెబుతుంది. చదవాల్సింది మనం.

ట్రేస్ ఫైలు ఎన్నిసార్లు చదివినా అందులోది అలాగే ఉంటుంది. ట్రేస్ పైప్ చదివితే చదివినంత ఖాళీ అవుతుంది, కొత్తది వచ్చేదాకా ఆగుతుంది. రెండిటినీ కలిపి వాడితే 'ఇందాక ఉన్న లైను ఏదీ' అనే అయోమయం తప్పదు. వేర్వేరు సీపీయూల మీది ఈవెంట్లని పోలుస్తున్నప్పుడు గడియారం కూడా చూసుకోవాలి. మామూలుగా ఉండే లోకల్ గడియారం వేగవంతమైనదే గానీ సీపీయూల మధ్య సరిగ్గా కలవకపోవచ్చు. లేపిన ఈవెంట్ కంటే ముందే ఎక్కిన ఈవెంట్ కనిపించిందంటే ట్రేస్ క్లాక్‌లో గ్లోబల్ లేదా మోనో పెట్టి మళ్ళీ తీయండి. యూజర్ ప్రోగ్రాం లాగ్ ఫైళ్ళతో కలపాలంటే మోనోనే.

క్రాష్ అయినప్పుడు బఫర్ మొత్తం కన్సోల్ మీదికి కక్కించే సదుపాయం ఉంది: ఎఫ్‌ట్రేస్ డంప్ ఆన్ ఊప్స్. చేతితో చేయాలంటే కీబోర్డు మీది సిస్‌ఆర్‌క్యూ మీటతో జెడ్. కానీ మళ్ళీ ఆ సీరియల్ లెక్కే గుర్తు తెచ్చుకోండి. 8 సీపీయూలు, ఒక్కోదానికి 1,408 కేబీ, మొత్తం 11,264 కేబీ. సెకనుకి 11,520 అక్షరాల చొప్పున అది పోయేసరికి వెయ్యి సెకన్లు, పదహారు నిమిషాల పైమాటే. పైగా బఫర్లో ఉన్నది బైనరీ, అచ్చయ్యేది అక్షరాలు, కాబట్టి ఇంకా ఎక్కువే. ఈలోపు యంత్రం పలకడం లేదని వాచ్‌డాగ్ బోర్డుని రీబూట్ చేసేస్తుంది. ముందుగానే బూట్ లైన్లో ట్రేస్ బఫ్ సైజ్ తగ్గించుకోండి, లేదా డంప్ విలువ 2 ఇవ్వండి. అప్పుడు ఊప్స్ (కెర్నెల్ క్రాష్) అయిన సీపీయూది మాత్రమే వస్తుంది.

బిందువు లేని చోట

ట్రేస్‌పాయింట్లతో అసలు బాధ అవి కొన్నిచోట్ల దండిగా, కొన్నిచోట్ల అస్సలు లేకుండా ఉండటం. దీనికి వెనక కారణముంది. ఒకసారి బయటి ప్రోగ్రాం ఒక ఈవెంట్‌ని నమ్ముకున్నాక దాన్ని మార్చే వీలుండదు. కెర్నెల్ అంతటికీ ఒకటే ఉండే బిగ్ కెర్నెల్ లాక్ పోయినప్పుడు అన్ని ఈవెంట్లలో ఉండే లాక్ డెప్త్ అనే ఫీల్డుని తీసేశారు. కరెంటు వాడకం చూపించే పవర్‌టాప్ ఆ స్థానాలని కోడ్‌లో గట్టిగా రాసుకుని ఉండటంతో పగిలిపోయింది, చివరికి ఆ ఖాళీని ఉత్త పూరకంగా తిరిగి పెట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఫైల్‌సిస్టం పైపొర లాంటి భాగాల్లో ట్రేస్‌పాయింట్ అంటే నిర్వాహకులు వెనకాడతారు. వాళ్ళ భయం న్యాయమైనదే, కానీ ఫైలు తెరిచే ఓపెన్ కాల్ ఎందుకు నెమ్మదిగా ఉందో వెతికేవాడికి ఆ న్యాయం పనికిరాదు.

అక్కడే కేప్రోబ్స్. కేప్రోబ్ ఈవెంట్స్ ఫైల్లోకి ఒక లైను: పి, కోలన్, మీరు పెట్టే పేరు, ఫంక్షన్ పేరు, కావలసిన ఆర్గ్యుమెంట్లు. డూ సిస్ ఓపెన్ఎట్2 మీద పెడితే ఎక్స్86-64లో మొదటి ఆర్గ్యుమెంట్ డీఐ రిజిస్టర్‌లో, ఫైలు పేరు ఎస్ఐలో ఉంటుంది. రిజిస్టర్లు గుర్తుపెట్టుకోవడం ఎందుకు, 4.20 నుంచి డాలర్ గుర్తు పక్కన ఆర్గ్1, ఆర్గ్2 అని రాస్తే ఫంక్షన్ మొదట్లో అదే తెచ్చుకుంటుంది, ఏఆర్‌ఎం బోర్డుకి మారినా లైను మార్చక్కర్లేదు. ఫైలు పేరు యూజర్ మెమరీలో ఉంటుంది కనక రకం దగ్గర స్ట్రింగ్ కాకుండా యూస్ట్రింగ్ రాయాలి. అయినా అప్పుడప్పుడు పేరు బదులు 'ఫాల్ట్' వస్తుంది. ఆ పేజీ ఇంకా మెమరీలోకి రాలేదన్నమాట, ప్రోబ్‌లో ఉండగా దాన్ని తెప్పించే వీలు లేదు.

ధర విషయానికొస్తే కెర్నెల్ పత్రాల్లో ఇచ్చిన పాత 2.33 గిగాహెర్ట్జ్ జియాన్ కొలతలే చాలు. బ్రేక్‌పాయింట్ పద్ధతిలో ఒక్కో తాకిడికి 0.99 మైక్రోసెకను, జంప్‌గా మార్చగలిగితే 0.06. పదహారు రెట్లు తేడా. ఈ మార్పిడి 2.6.34 నుంచి ఎక్స్86లో దానంతటదే జరుగుతుంది, కానీ అన్నిచోట్లా కాదు. గుచ్చిన చోట ఐదు బైట్ల లోపలికి ఇంకెక్కడినుంచో జంప్ వస్తుంటే కుదరదు. ఫంక్షన్ గుమ్మంలో పెడితే ఎఫ్‌ట్రేస్ నాప్‌నే వాడుకుంటుంది కాబట్టి చవక. అందుకే వీలైనంతవరకు గుమ్మంలోనే పెట్టండి.

పెట్టినా ఒక్క తాకిడీ రావడం లేదా? చాలాసార్లు దోషం కంపైలర్‌ది. చిన్న ఫంక్షన్‌ని పిలిచినచోటే ఇన్‌లైన్ చేసేసి ఉంటుంది, లేదా కొన్ని చోట్ల మాత్రమే చేసి ఉంటుంది. ఈ రెండోది మరీ ప్రమాదం, సగం తాకిళ్ళే లెక్కకొస్తాయి, ఎర్రర్ ఉండదు. కాల్‌సిమ్స్ ఫైల్లో పేరు వెతికితే వెనక చుక్క పెట్టి ఇస్రా, కాన్‌స్ట్‌ప్రాప్, పార్ట్ లాంటి తోకలు కనిపిస్తే జీసీసీ ఆ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లని కూడా మార్చి ఉండొచ్చు. అప్పుడు ఎస్ఐలో మీరనుకున్నది ఉండకపోవచ్చు. పెర్ఫ్ ప్రోబ్ అనే కమాండ్ డీబగ్ సమాచారం చదివి ఈ చిక్కులు చాలావరకు విప్పుతుంది, కెర్నెల్ డీబగ్ ప్యాకేజీ ఉంటే దాన్నే వాడండి. ఫంక్షన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు తగిలే రిటర్న్ ప్రోబులకి ఇంకో లోటు: ఒకేసారి ఎన్ని పిలుపులు గుర్తుంచుకోగలదో దానికి పరిమితి ఉంది, నిద్రపోయే ఫంక్షన్ మీద పెడితే త్వరగా నిండిపోతుంది. కేప్రోబ్ ప్రొఫైల్ ఫైల్లో రెండో అంకె తప్పిపోయినవాటిది. అది పెరుగుతుంటే మ్యాక్స్‌యాక్టివ్ పెంచాలి.

సొంత డ్రైవర్ అయితే ఇంత పాట్లు దేనికి, కోడ్‌లో ట్రేస్ ప్రింట్‌కే పెట్టండి. రాయడానికి పట్టేది మైక్రోసెకనులో పదో వంతు, ఇంటరప్ట్‌లోనైనా భయం లేదు. పని అయ్యాక తీసేయడం మరవద్దు. ఉంచితే బూట్‌లో 'ఇది డీబగ్ కెర్నెల్' అని ఇంత పెద్ద బోర్డు కడుతుంది, కస్టమర్ ముందు పరువు పోతుంది. శాశ్వతంగా ఉంచాలంటే ట్రేస్ ఈవెంట్ మాక్రోతో సొంత ట్రేస్‌పాయింట్ రాసుకోవాలి. అందులో రెండు గుంటలు. క్రియేట్ ట్రేస్ పాయింట్స్ అనే డిఫైన్ ఒకే ఒక్క సీ ఫైల్లో ఉండాలి, లేకపోతే లింకర్ గోల. ఇక స్ట్రింగ్‌ని పాయింటర్‌గా దాచి, అచ్చువేసేటప్పుడు చదివితే, అప్పటికి ఆ మెమరీ విడుదలై ఉంటుంది. ఈవెంట్ జరిగేది ఇప్పుడు, అచ్చయ్యేది ఎప్పుడో. స్ట్రింగ్ మాక్రోలతో నకలు తీసుకోవాల్సిందే.

పక్కవాటితో పోలిస్తే

2005లో సోలారిస్ 10తో వచ్చిన డీట్రేస్‌కి ఒకే చక్కటి భాష ఉంది. ఎఫ్‌ట్రేస్‌కి ఉన్నది ఫైళ్ళ గుట్ట. ఆ సొగసు కావాలంటే లినక్స్‌లో బీపీఎఫ్‌ట్రేస్ ఉంది, అది కూడా ఈ ట్రేస్‌పాయింట్లకీ కేప్రోబ్‌లకే తగులుకుంటుంది. రెండు ఈవెంట్ల మధ్య విలువలు గుర్తుంచుకుని లెక్కలు కట్టాలంటే బీపీఎఫ్‌ట్రేస్ మేలు. ఏం జరిగిందో వరుసగా చూడాలంటే ఎఫ్‌ట్రేస్. ఫైళ్ళతో విసిగితే ట్రేస్-సీఎండీ వాడండి, బొమ్మగా చూడాలంటే కెర్నెల్‌షార్క్. ఆండ్రాయిడ్ పనివాళ్ళు వాడే పర్‌ఫెట్టో అడుగున కూడా కెర్నెల్ ఈవెంట్లు వచ్చేది ఎఫ్‌ట్రేస్ నుంచే.

సెక్యూర్ బూట్‌తో లాక్‌డౌన్‌ని (కెర్నెల్‌ని తాకే దారులు మూసే రక్షణ) కాన్ఫిడెన్షియాలిటీ స్థాయికి పెట్టిన యంత్రాల మీద ఇదంతా మూసుకుపోతుంది, రూట్ అయినా సరే. కొనే ముందు కాకపోయినా డీబగ్ చేయడానికి బయల్దేరే ముందు అది చూసుకోండి.

పని అయ్యాక ఆపడంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ట్రేసింగ్ ఆన్ ఫైల్లో సున్నా రాసి ఆగిపోయిందనుకుంటారు. అది బఫర్లోకి రాయడాన్ని మాత్రమే ఆపుతుంది. నాప్‌లు ఇంకా జంపులుగానే ఉంటాయి, ప్రతి ఫంక్షనూ ట్రేసర్ గుమ్మం తొక్కుతూనే ఉంటుంది. కరెంట్ ట్రేసర్‌లో నాప్ అని రాయాలి, ఈవెంట్స్ కింద పైనున్న ఎనేబుల్ ఫైల్లో సున్నా రాయాలి, కేప్రోబ్ ఈవెంట్స్‌ని ఖాళీ చేయాలి. కేప్రోబ్ ఇంకా ఆన్‌లో ఉంటే ఖాళీ చేయడం కుదరదు, 'బిజీ' అంటుంది, కాబట్టి ఈ వరుసలోనే చేయండి. ట్రేస్-సీఎండీ ఉంటే రీసెట్ కొట్టండి. చివరగా బఫర్ సైజుని మళ్ళీ తగ్గించండి, పెంచింది దానంతటది కిందికి రాదు.